మూల కత్తిరించిన అరవై కవర్లు

నేను కుదురుగా కూర్చున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఉన్న ఫోటోల్లో అందరికీ మొహాలుంటాయి. నాకు మొహం ఉండాల్సిన చోట చిన్న పొగమబ్బు ఉంటుంది. ఫోటో తీసేవాడు "కదలకండి" అన్న మాట పూర్తిచేసేలోగా మూడుసార్లు కదిలి, నాలుగోసారికి సిద్ధంగా ఉండేదాన్ని. పుట్టినప్పుడు కూడా మంత్రసాని చెప్పులు విప్పేదాకా ఆగలేదట. ఈ సంగతి అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది, పాలవాడితో సహా.

అలాంటిదాన్ని పట్టుకెళ్లి టైపు మిషను ముందు కూర్చోబెట్టారు.

తప్పు నాన్నది కాదు. ఆయన యాభై ఆరులో రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన గుమాస్తా. గుడారంలో కూర్చుని ఫైళ్లు రాసిన మనిషికి గోడలూ పైకప్పూ ఉన్న ఆఫీసు దొరకడమే ఇంద్రపదవి. ఆ పదవి తనకు టైపు పరీక్ష వల్లే వచ్చిందని ఆయన నమ్మకం. దేవుడి పటాల పక్కన ఆ సర్టిఫికెట్టు కూడా ఫ్రేము కట్టి ఉండేది. అమ్మ పరధ్యానంలో దానిక్కూడా హారతి ఇచ్చేసేది.

అరవైల మధ్యలో, నాకు ఇరవై నిండకముందు, అబిడ్స్‌లో ఒక మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. అక్కడ పాతిక మిషన్లు ఒక్కసారి మొదలైతే కింద రోడ్డు మీద రిక్షావాళ్లు వడగళ్ల వాననుకుని గూడు పైకి లాగేవాళ్లు. నేను ఒక లైను కొట్టి మంచినీళ్లకి లేచేదాన్ని, ఇంకో లైను కొట్టి కిటికీ దగ్గరికి. నెల తిరిగేసరికి ఆ కూజా మూతి అరిగిపోయింది. మాస్టారు నాన్నకి ఉత్తరం రాశారు: అమ్మాయి వేళ్లు చురుకైనవే, మిగిలిన శరీరమే సహకరించడం లేదు అని.

ఆ రోజుల్లోనే నాకు కాగితం పిచ్చి పట్టింది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఇటుకంత లావున్న ఒక వంటల పుస్తకం తిరగేస్తుంటే మధ్యలోంచి ఒక గ్రీటింగు కార్డు జారిపడింది. ఏ కాలంలోనో ఒక దొర ఎవరో దొరసానికి పంపినది. తెరిస్తే తలుపు, తలుపులో తలుపు, దాని వెనక మంచు పడుతున్న చెట్టు. అన్నీ కాగితం కోసి పొరలు పొరలుగా అతికించినవే. ఇంటికి తెచ్చి, ఎలా చేశారో చూద్దామని ఆ మధ్యాహ్నమే దాన్ని ఏ పొరకాపొర విప్పేశాను. మళ్లీ అతకలేదు. కానీ ఆ రోజు మూడు గంటల సేపు నేను నీళ్లకి లేవలేదని అమ్మ గమనించింది. ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మేం నాంపల్లి స్టేషనుకి దగ్గర్లో కిరాయికి ఉండేవాళ్లం. మా గల్లీ చివర, చెప్పులు కుట్టేవాళ్లకి తోలు కోసే డైలు చేసిచ్చే ఒక కమ్మరి ఉండేవాడు. డై అంటే ఫ్యాక్టరీలో ఉండే రాక్షసి యంత్రం అనుకునేరు. ఉక్కు పట్టీని కావలసిన ఆకారంలో వంచి, కింది అంచు పదునుపెట్టి, పైన దెబ్బ తట్టుకునే పిడి పెడితే అదే డై. పది కాగితాలు దొంతరగా మొద్దు మీద పెట్టి, పైన డై ఆనించి, చెక్కసుత్తితో ఒక్కటిస్తే పది ముక్కలు ఒకేసారి తెగుతాయి. నేను చిలక బొమ్మ గీసుకెళ్లి అలాంటి డై కావాలంటే ఆయన కొలిమి ఊదడం ఆపి నా వంక చూశాడు.

"చిలకలు సుత చెప్పులేసుకుంటున్నయా ఏంది?" అన్నాడు.

చేశాడు మాత్రం అద్భుతంగా చేశాడు. చిలక, ఆకు, కమాను కిటికీలు పెద్దది నుంచి చిన్నదాకా ఏడు. నా కార్డు తెరిస్తే కిటికీలో కిటికీ, దాన్లో మరో కిటికీ, అలా ఏడు పొరలు. ఎర్ర గ్లేజు కాగితంతో మొదలై పతంగుల కాగితంలోని రంగులన్నీ తిరిగి, చివరికి ఆకాశం. పొరకీ పొరకీ మధ్య చిన్న అట్టముక్కలు అతికిస్తే కిటికీలు ఒకదాని వెనక ఒకటి లోతుగా నిలబడేవి. అన్నిటికంటే లోపలి కిటికీ రెక్కలు తెరిచి ఉంటాయి. అందులోంచి ఒక పచ్చని చిలక బయటికి ఎగిరిపోతూ ఉంటుంది. ఆ చిలక నేనేనని అనుకునేదాన్ని, టైపు ఇన్‌స్టిట్యూట్ కిటికీలోంచి.

ఇల్లు యుద్ధభూమి అయింది. సాంబారు గిన్నెలో మైదాపిండి జిగురు ఉడికేది. నాన్న ఒకరోజు ప్యాంటు వెనక పచ్చచిలకతో ఆఫీసుకి వెళ్లి సాయంత్రం దాకా అలాగే తిరిగారు. పై అధికారి కూడా చూసి నవ్వాడట. పొద్దస్తమానం సుత్తి దెబ్బలే. ఇంటి యజమానురాలు, ఐదు తరాలుగా ఈ ఊళ్లో పాతుకుపోయిన మనిషి, మెట్ల మీదనుంచే అడిగేది: "దినమంతా దంచుతనే ఉంటవ్ పిల్లా, కారమా పసుపా?"

నాన్న ఆఖరికి తీర్పు చెప్పారు. "జనవరి ఒకటో తారీఖుకి నీ కార్డు ఏదైనా మంచి కొట్టు అద్దాల బీరువాలో కనబడాలి. కనబడిందా, నీ ఇష్టం. లేదా రెండో తారీఖు పొద్దున్న మిషను ముందు కూర్చుంటావ్. టైపు హయ్యరు పరీక్ష పాసయ్యేదాకా లేచావంటే ఊరుకోను."

హయ్యరంటే నా లెక్కలో యావజ్జీవ శిక్ష.

అబిడ్స్‌లో అద్దాల బీరువా ఉన్న కాగితాల దుకాణం ఒకటుండేది. యజమాని అరవై దాటిన పెద్దాయన. నల్లటోపీ, దారంతో చెవికి కట్టిన కళ్లజోడు. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఆగు." సిరాబుడ్డి అడిగినవాడితోనూ అదే, చిల్లర అడిగినవాడితోనూ అదే. ఛాయ్ సాసరులో పోసుకుని, అది చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. ఆ సాసరు చల్లారేలోపు రెండు ప్రభుత్వాలు మారిపోతాయేమో అనిపించేది. భూమ్మీద నాకు పూర్తి వ్యతిరేకంగా ఎవరినైనా తయారు చేయించాలంటే అలాంటి మనిషినే చేయించాలి.

ఆయన నా కార్డు తెరిచి, ఏడు కిటికీల్లోకీ ఏడుసార్లు చూశాడు. నేను ఈలోగా దుకాణం చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేశాను.

"బొంబాయి నుంచొచ్చే అచ్చు కార్డులు సల్లగుంటయ్ బిడ్డా. నీదాన్ల జర పానమున్నట్టుంది," అన్నాడు. "ఒక పని చేద్దాం. నా పాత గిరాకీలు అరవై ఇండ్లున్నయ్. కొత్త సాలుకు దుకాణం తరపున ముందుగాల వాళ్లకు పంపుదాం. వాళ్లు మెచ్చిన్రంటే అద్దాల బీరువల పెడత."

బేగంబజార్, సుల్తాన్ బజార్, ఉస్మాన్‌గంజ్ వ్యాపారస్తుల చిరునామాలు రాసి ఇచ్చాడు. కవర్ల మీద కొట్టడానికి దుకాణం రబ్బరు ముద్ర కూడా ఇచ్చాడు. తను వచ్చేవారం రాయచూరులో పెళ్లికి వెళ్తున్నాననీ, వెళ్లిన నాలుగు రోజుల్లో వచ్చి, తను చూశాకే పోస్టు చేయాలనీ చెప్పాడు.

"అందాక ఆగు," అన్నాడు.

అరవై కార్డులు, కార్డుకి ఏడు పొరలు. నాలుగు వందల ఇరవై కిటికీలు కోసేసరికి మా కింది వాటాలో గోడ మీది సున్నం రాలింది. ఆయన రాయచూరు రైలెక్కిన రోజు మధ్యాహ్నానికే అన్నీ తయారు. ఒకటి ఎక్కువ కూడా చేశాను. ఇంకా నాలుగు రోజులుంది. ఇక్కడే అసలు ప్రమాదం: పనిలేని నా చేతులు. కార్డులు సర్దాను, మళ్లీ సర్దాను. గదిలో తిరిగాను, గల్లీలో తిరిగాను, స్టేషను దాకా వెళ్లి ఎవరికీ సంబంధంలేని ఒక గూడ్సుబండిని సాగనంపి వచ్చాను. అప్పటికి అరగంట గడిచింది.

అప్పుడు మెరిసింది ఆలోచన. కార్డు అందమంతా లోపలే ఉంది, కవరు చూస్తే విధవరాలి నుదురులా బోసిగా ఉంది. కవరుకి ఎడమవైపు పై మూల అలలు అలలుగా డైతో కోసేసి, లోపలి కార్డుకి ఆ మూలలో బంగారు రంగు కాగితం పొదిగితే? మేలిముసుగులోంచి ముక్కుపుడక మెరిసినట్టు ఉంటుంది కదా. కమ్మరి దగ్గరికి పరుగెత్తి డై చేయించాను. మర్నాడు మధ్యాహ్నానికి అరవై ఒక్క కవర్లకీ మూల ఎగిరిపోయింది. నా మేధస్సుకి నేనే నమస్కారం పెట్టుకున్నాను. ఇంటి యజమానురాలు చూస్తానని లోపలికి వచ్చింది. ముందు దుకాణంవాళ్ల మెప్పే వినాలని పంతం కొద్దీ వాటిమీద దుప్పటి కప్పేశాను. ఆవిడ ఆ దుప్పటి ఒక్క కొసన ఎత్తి ఉంటే నేనిప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక ఆగడం నా వల్ల కాలేదు. ఆయన వచ్చేసరికి మెప్పులన్నీ దుకాణం ముందు వరసగా నిలబడి ఉంటే ఎంత బాగుంటుంది అనుకున్నాను. సంచీ భుజాన వేసుకుని అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకి వెళ్లి, అరవైకి అరవై డబ్బాలో వేసేశాను. చివరి కవరు పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. చాలా తృప్తిగా ఉండింది ఆ చప్పుడు.

నాలుగో రోజు పొద్దున్నే అబిడ్స్ వెళ్లాను. దుకాణం మూసే ఉంది, కానీ ముందర నిజంగానే జనం వరసగా నిలబడి ఉన్నారు. పాతికమంది దాకా ఉంటారు, నా కంటికి ఐదు వందలమందిలా కనబడ్డారు. నా కార్డుల కోసమే వచ్చారనుకున్నాను. పరుగెత్తుకుంటూ దగ్గరికి వెళ్లాక చూశాను. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఒకాయన పైకండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఇంకొకాయన, "ఎంత నిదానం మనిషి. యముణ్ణి సుత జర ఆగుమని ఉంటడు," అంటున్నాడు.

పక్కనున్న పెద్దమనిషిని ఏమైందని అడిగాను. బేగంబజార్లో మిరియాలు టోకున అమ్మే ఆయన.

"నీకెరుక లేదా అమ్మా? సేటు పోయిండు. రాయచూరుల పెండ్లికని పోయి గాడనే పోయిండు."

నా కాళ్లు మొదటిసారి కదలడం మానేశాయి. ఎవరు చెప్పారని అడిగాను.

"చెప్పుడేంది. మూల తీసిన ఉత్తరమొచ్చింది, దుకాణం ముద్రతోని. మంచి కబురైతే నాలుగు మూలలకు పసుపు పెడతరు. చావు కబురైతే ఒక మూల తీసేస్తరు. గా ఉత్తరం గడప దాటనియ్యం. బయట నిలబడే చూసి, చింపి పారేసి, తానం చేసి ఇంట్లకు పోతం. మీ దిక్కు లేదా గిట్ల?"

మా దిక్కు లేదు. మా దిక్కు చావు కబురు మనిషి తెస్తాడు, లేదా టెలిగ్రామ్ తెస్తుంది. కానీ ఈ ఊరికొచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి అడిగినా చెప్పేవాళ్లు. అడగాలంటే జవాబు వచ్చేదాకా ఆగాలి.

ఆఖరి ఆశతో, లోపల ఏముందో చూశారా అన్నాను.

"చూసిన. ఇంగ్లీషుల ఏందో రాసుండె, నాకు రాదు. గని బొమ్మ చూసినంక కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కిటికీ తెరిచుంది, చిలక ఎగిరిపోతున్నది. గంతకన్న ఇంకేం చెప్పాలె?"

నా కళాజీవితంలో ఇంతకంటే లోతుగా నన్ను అర్థం చేసుకున్న పాఠకుడు దొరకలేదు. నేను చేసిన నాలుగు వందల ఇరవై కిటికీలు అరవై గడపల బయట చిరిగి పడి ఉన్నాయి. వాటితో పాటే నా అద్దాల బీరువా కూడా.

అప్పుడు నాంపల్లి స్టేషను వైపు నుంచి ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి పెళ్లి మిఠాయిల బుట్టతో పెద్దాయన దిగాడు. తన దుకాణం ముందు తెల్లబట్టల జనాన్ని చూసి, నల్లటోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మొహం గంభీరంగా పెట్టుకుని మెల్లగా వచ్చి, గుంపు వెనక మిరియాలాయన పక్కనే నిలబడ్డాడు.

"ఎవలు పోయిన్రు?" అన్నాడు గొంతు తగ్గించి.

మిరియాలాయన తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వే," అన్నాడు.

పెద్దాయన కొంచెం ఆలోచించి, "ఎప్పుడు?" అన్నాడు.

ఆ తర్వాత జరిగిన గోలలో నవ్వినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు. చన్నీళ్ల స్నానం దండగైందని తిట్టినవాళ్లూ ఉన్నారు. నేను పారిపోయి ఉండవచ్చు. పారిపోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. కానీ ఆయన రబ్బరు ముద్ర ఇంకా నా సంచీలోనే ఉంది. జనం పలచబడ్డాక వెళ్లి ముద్రా, కవరుతో సహా మిగిలిన ఒక్క కార్డూ బల్ల మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. మూలలేని కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాలుగొద్దులు ఆగలేకపోయినవా బిడ్డా?"

"ఆగలేకపోయానండీ."

"నేను పోయిన్నని నా ఇంటికి సుత పోయింది కబురు. మా ఆమె సుత పెండ్లికి నా ఎంటనే ఉండె కాబట్టి సరిపోయింది. లేకుంటే?" కవరు బల్ల మీద పెట్టాడు. "గీ కార్డు ఇగ బీరువల ఎట్ల పెడత చెప్పు. చూసినోళ్లందరికి నా చావే యాదికొస్తది."

రెండో తారీఖు టైపు మిషన్లు వడగళ్లలా చెవుల్లో మోగుతున్నాయి. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాను. మళ్లీ గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చాను. మూడోసారి వచ్చి, అరవై ఇళ్లకీ నేనే వెళ్తానండీ, అన్నాను. కొత్త కార్డులు చేసి, నాలుగు మూలలకీ పసుపు పెట్టి, మీరు క్షేమంగా ఉన్నారని ఇంటింటికీ చెప్పి వస్తానండీ.

ఆయన సాసరులో ఛాయ్ పోసుకున్నాడు. అది చల్లారింది, తాగాడు. "మరి పో," అన్నాడు.

ఇంటికెళ్లి యజమానురాలికి కథంతా చెబితే ఆవిడ మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత తనే వచ్చి పసుపు నూరింది. అమ్మ జిగురు ఉడికించింది. మూడు రోజుల్లో మళ్లీ నాలుగు వందల ఇరవై కిటికీలు. ఈసారి చిలక ఎగిరిపోవడం లేదు. డై అదే, తిప్పి అతికించాను. ముక్కు లోపలి వైపు, తోక బయటి వైపు. చిలక ఇంటికొస్తోంది.

పంచడానికి రెండు రోజులు పట్టింది. నాకు శిక్ష వేయాలనుకున్నవాళ్లు నడక శిక్ష మాత్రం వేయకూడదు. ఉస్మాన్‌గంజ్ బస్తాల మధ్యనుంచి దూరాను, సుల్తాన్ బజార్ జనంలో ఈదాను, బేగంబజార్లో మిరపకాయల ఘాటుకి ప్రతి దుకాణం ముందూ తుమ్మాను. నేను కన్నీళ్లతో "సేటుగారు బతికే ఉన్నారండీ" అంటుంటే కొందరికి మళ్లీ అనుమానం వచ్చింది. ప్రతి ఇంట్లోనూ ముందు కవరు తీసుకుని బొటనవేలితో నాలుగు మూలలూ తడిమేవాళ్లు. నాలుగూ ఉన్నాయని తేలాకే గడప దాటించేవాళ్లు. లోపలినుంచి ఆడవాళ్లు "ఇంకో కిటికీ ఉన్నదే" అని ఒకరికొకరు చూపించుకోవడం నేను బయట నిలబడి విన్నాను. ప్రతి చోటా విన్నాను.

డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం దుకాణానికి వెళ్లాను. నాన్న ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ అద్దాల బీరువా చూసి పోతానన్నారు. ఆయన మాటంటే మాట. ఇంకో అరగంట కూడా లేదు.

"వాళ్లేమన్నారండీ?" అన్నాను గుమ్మంలోనే.

"ఆగు," అన్నాడు పెద్దాయన. ఒక స్టూలు చూపించాడు. "కూసో."

కూర్చున్నాను. ఛాయ్ వచ్చింది. సాసరులో పోసుకున్నాడు. ఆవిరి లేస్తోంది. నా మోకాలు ఎగరబోయింది, చేత్తో అదిమి పట్టాను. బయట సైకిళ్లు పోతున్నాయి, ఎక్కడో టైపు మిషన్లు మోగుతున్నాయి. బీరువాలో బొంబాయి కార్డులు వెల్లకిలా పడుకుని నన్ను చూస్తున్నాయి. ఆవిరి సన్నబడింది. నేను నీళ్లకి లేవలేదు, కిటికీకి లేవలేదు. ఆయన సాసరు ఎత్తి మూడు గుక్కల్లో తాగి, మూతి తుడుచుకున్నాడు.

"మిరియాలాయన వచ్చిండు పొద్దున. బిడ్డ పెండ్లికి గిట్లాంటివే కావాలన్నడు. ఉస్మాన్‌గంజోళ్లు సుత అడిగిన్రు." దారానికి వేలాడుతున్న తాళంచెవి నా వైపు తోశాడు. "పో, నువ్వే పెట్టు."

బీరువా తెరిచి, బొంబాయి కార్డుల్ని పక్కకి జరిపి, పై అరలో నడిమధ్య నా కార్డు సగం తెరిచి నిలబెట్టాను. అద్దం మూసి రెండడుగులు వెనక్కి వేశాను. రోడ్డు అవతల నాన్న గొడుగు కనబడుతోంది, రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూస్తున్నారు. కార్డు కుడివైపుకి ఒక్క నూలుపోగంత ఒరిగినట్టుంది. సరిచేద్దామని మళ్లీ అద్దం మీద చెయ్యి వేశాను.

"ఆగు," అన్నాడు వెనకనుంచి పెద్దాయన.

ఆగాను.